ఆకలిని అణచే మందు: వాడుకలో మెలకువలు

"ఆకలి వేయడం లేదు" అని ఇంట్లో ఎవరైనా అన్నట్లయితే మన పెద్దవారు కంగారు పడేవారు. శొంఠి, వాము, పిప్పళ్ళు వెదికేవారు. జఠరాగ్ని మందగించినదని నాటు వైద్యుని వద్ద లేహ్యం తెచ్చేవారు. లంఖణం పరమౌషధమని చెప్పినవారు సైతం, లంఖణం తీరిన పిమ్మట చక్కని ఆకలి పుట్టడమే ఆరోగ్యానికి తొలి గుర్తుగా ఎంచేవారు. ఆకలిని పుట్టించడానికే గాని, ఆకలిని చంపడానికి మందు అవసరమవుతుందని ఆ తరంవారు కలలోనైనా తలచి ఉండరు. నేడు వైద్యలోకంలో అందరి నోటా వినవస్తున్నవి ఆకలిని అణచే మందులే. బందరులోని మందుల దుకాణాలలోనూ, గుడివాడ రైలుపెట్టెలోనూ, మోపిదేవి దేవాలయానికి వచ్చిన బంధువుల కబుర్లలోనూ వీటి ప్రస్తావన దొర్లుతున్నది. కాబట్టి ఈ మందులు ఏమిటో, ఎవరికి తగినవో, ఎవరికి కూడనివో, వాడేవారు ఏ మెలకువలు పాటించవలెనో తెలుసుకొనడం ప్రతి ఇంటికీ అవసరం.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసం చదివి ఎవరూ మందు మొదలుపెట్టరాదు. వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందును ఎవరూ మానివేయనూ రాదు. వైద్యుని ఎదుట కూర్చొన్నపుడు ఏమి అడగవలెనో, ఏమి దాచకుండా చెప్పవలెనో తెలియజేయడమే మా ఉద్దేశం.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో జీవనం మారిన తీరు మనకు కొత్త కాదు. ఒకప్పుడు దివిసీమ రైతు తెల్లవారుజామున గట్లవెంట నడిచి వెళ్ళి, పొద్దువాలిన తరువాత ఇల్లు చేరేవాడు. ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్ళు అన్నీ మనిషి కండలతో జరిగేవి. ఇంట్లో స్త్రీలు దంచేవారు, విసిరేవారు, చేదబావినుండి నీళ్ళు తోడేవారు. ఆనాటి కంచంలోని అన్నపురాశికి ఆనాటి శ్రమ సరిపోయేది. నేడు దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది. కోత యంత్రం కోస్తున్నది. పొరుగువీధికి వెళ్ళడానికి కూడా మోటారుసైకిలు సిద్ధంగా ఉన్నది. అన్నపురాశి మాత్రం పెద్దగా తగ్గలేదు. దానికి తోడు ఉదయం నూనెలో వేగిన ఫలహారం, సాయంకాలం మిఠాయి, మధ్యమధ్య పంచదార వేసిన కాఫీ, తేనీరు వచ్చి చేరినవి. 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వయోజన స్త్రీలలో మూడింట ఒక వంతుకు మించి అధిక బరువు కలవారని తేలినది. దేశం మొత్తంమీద ఈ సంఖ్య సుమారు నాలుగవ వంతు మాత్రమే. అంటే ఈ విషయంలో మనం దేశంకన్న ముందున్నాము. ఇది సంతోషించదగిన ఆధిక్యం కాదు.

అయినా స్థూలకాయాన్ని తిండిపోతుతనమని పరిహసించడం తప్పు. ఆకలి మన ఇష్టంమీద పుట్టేది కాదు. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉన్నది. శరీరంలో ఎంత ఇంధనం నిలువ ఉన్నదో, ఎంత ఖర్చయినదో అది నిరంతరం లెక్క చూస్తూ ఉంటుంది. కొవ్వు కణాలనుండి లెప్టిన్ అనే రసాయనం వెలువడి "నిలువ చాలినంత ఉన్నది" అని తెలుపుతుంది. దీనిని 1994లో కనుగొన్నారు. ఖాళీ పొట్టనుండి గ్రెలిన్ అనే మరొక రసాయనం వెలువడి "అన్నం వేళయినది" అని హెచ్చరిస్తుంది. దీనిని 1999లో కనుగొన్నారు. భోజనం ప్రేవులలోకి దిగినపుడు అక్కడినుండి జీఎల్‌పీ-1 అనే ఇంకొక రసాయనం వెలువడి, జీర్ణకోశం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసి, మెదడుకు తృప్తి కబురు పంపుతుంది. బరువు తగ్గినపుడు ఈ ఏర్పాటు ఊరుకొనదు. కరవు వచ్చినదనే భావించి ఆకలిని పెంచుతుంది, ఖర్చును తగ్గిస్తుంది. పట్టుదలతో నాలుగు నెలలు పథ్యం చేసి తగ్గినవారు ఆ తరువాత తిరిగి బరువెక్కడానికి కారణం సంకల్పబలం లేకపోవడం ఒక్కటే కాదు. కరవుకాటకాలలో మనిషిని బ్రతికించిన ఏర్పాటే నేడు సమృద్ధిలో అతనికి ఎదురు తిరుగుతున్నది.

ఈ ఏర్పాటులో మందుతో జోక్యం చేసుకొనవలెనన్న ఆలోచన పాతదే. ఆ చరిత్ర తెలిసినవారికి జాగ్రత్త దానంతట అదే అలవడుతుంది. 1930ల చివరినుండి ఆంఫిటమిన్ జాతి మాత్రలు ఆకలిని చంపడానికి వాడుకలోకి వచ్చినవి. ఆకలితోపాటు నిద్రకూడా పోయినది; గుండె దడ, మానసిక కల్లోలం, విడువరాని అలవాటు మిగిలినవి. 1965లో స్విట్జర్లాండులో అమినోరెక్స్ అనే మందు బయలుదేరినది. దానిని వాడినవారిలో ఊపిరితిత్తుల రక్తనాళాలలో రక్తపోటు ప్రమాదకరంగా పెరిగినట్లు బయటపడగా 1968లో ఉపసంహరించవలసి వచ్చినది. ఆ పిమ్మట అమెరికాలో ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్మిన్ అనే రెండు మందులను కలిపి లక్షలమంది వాడినారు. 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు ఆ జంట మందును వాడిన 24 మంది స్త్రీల గుండె కవాటాలు చెడిపోయినవని ప్రకటించినారు. మూడు నెలలు తిరగకముందే ఫెన్‌ఫ్లురమిన్ అంగళ్ళనుండి మాయమైనది. కవాటాలు చెడినవారికి మాత్రం వ్యాధి మిగిలినది.

మన దేశంలోను ఇటువంటి ఘట్టాలు జరిగినవి. రిమోనబాంట్ అనే మందు ఐరోపాలో 2006లో అనుమతి పొందినది. వాడినవారిలో కొందరికి తీవ్రమైన విషాదమూ, ఆత్మహత్య తలంపులూ కలిగినందున 2008లో అక్కడ దానిని నిలిపివేసినారు. 2009లో మన ప్రభుత్వం నిషేధించినది. సిబుట్రమిన్ అనే మందు మన పట్టణాలలో కూడ విరివిగా అమ్ముడుపోయినది. సుమారు పదివేలమందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2010లో వెలువడినవి. వారిలో అత్యధికులు అప్పటికే గుండెజబ్బు ఉన్నవారు. ఈ మందు తీసుకొన్నవారిలో 11.4 శాతానికి, ఉత్తమాత్ర తీసుకొన్నవారిలో 10 శాతానికి గుండెపోటో, పక్షవాతమో, అటువంటి విపత్తో సంభవించినది. తేడా చిన్నదిగా కనిపించవచ్చును. కాని ఆరోగ్యంకోసం మింగిన మాత్రే వందమందిలో ఒకరికి అదనంగా ప్రాణాపాయం తెచ్చినదన్నమాట. 2011 ఫిబ్రవరిలో మన దేశంలో దానిని నిషేధించినారు.

పై జంటలోని ఫెంటర్మిన్ మాత్రం అమెరికాలో 1959నుండి నేటివరకు నిలిచి ఉన్నది. అక్కడకూడ దానిని కొద్ది వారాలకే, వైద్యుని పర్యవేక్షణలోనే వాడుతారు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, థైరాయిడ్ అతిగా పనిచేయడం, నీటికాసులు అనే కంటిజబ్బు ఉన్నవారికి అది కూడదు. మన 1985 నాటి మత్తుపదార్థాల చట్టం జాబితాలో ఫెంటర్మిన్ పేరు ఉన్నది. ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, కృష్ణాజిల్లాలో అమెరికాలో బంధువులు లేని ఊరు అరుదు. "అక్కడ నాకు బాగా పనిచేసినది, నీకూ రెండు సీసాలు తెచ్చినాను" అని ప్రేమతో చేతిలో పెట్టే మాత్రలు ప్రేమగలవే కావచ్చును, క్షేమమైనవి కాకపోవచ్చును. ఒకరి గుండెను చూసి వ్రాసిన చీటీ మరొకరి గుండెకు చెల్లదు.

ఇక ఇప్పటి మందుల సంగతి. ఇవి వేరొక దారిన వచ్చినవి. అమెరికా నైరుతి ఎడారులలో గీలా మాన్‌స్టర్ అనే విషపుబల్లి ఉన్నది. దాని విషంలో, మన ప్రేవులలో పుట్టే జీఎల్‌పీ-1ను పోలిన పదార్థం ఒకటి ఉన్నదని 1992లో జాన్ ఎంగ్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించినాడు. మన శరీరంలోని జీఎల్‌పీ-1 కొన్ని నిమిషాలలోనే విరిగిపోతుంది. బల్లి విషంలోనిది చాలసేపు నిలుస్తుంది. దాని ఆధారంగా 2005లో మధుమేహానికి మొదటి ఇంజక్షను వచ్చినది. మధుమేహులకు ఇచ్చిన ఈ జాతి మందులు చక్కెరతోపాటు బరువునూ తగ్గించడం గమనించి, స్థూలకాయానికి ప్రత్యేకంగా పరీక్షించినారు. సెమాగ్లుటైడు, టిర్జెపటైడు ఇప్పుడు ప్రధానమైనవి. మన దేశంలో టిర్జెపటైడు మౌంజారో అనే పేరుతో 2025 మార్చిలోను, బరువు తగ్గడానికి ఉద్దేశించిన సెమాగ్లుటైడు ఇంజక్షను వెగోవీ అనే పేరుతో 2025 జూన్‌లోను విడుదలైనవి.

వీటి బలమెంత? సెమాగ్లుటైడును 68 వారాలు వాడినవారు, ఆహార నియమం, వ్యాయామం కూడ పాటిస్తూ, సగటున తమ బరువులో సుమారు 15 శాతం తగ్గినారని 2021లో ప్రచురితమైన పరీక్ష తెలిపినది. అవే నియమాలు పాటిస్తూ ఉత్తమందు తీసుకొన్నవారు తగ్గినది రెండున్నర శాతం లోపు. టిర్జెపటైడు పెద్ద మోతాదులో 72 వారాలకు సగటున 20 శాతం వరకు తగ్గించినది. ఇవి సగటులు. ఒకరు ఎక్కువ తగ్గవచ్చును, ఒకరు అసలే తగ్గకపోవచ్చును.

అయితే ఈ మందు ఎవరికి? నాలుగు కిలోలు తగ్గి పెళ్ళిపీటలమీద నాజూకుగా కనిపించవలెనని కోరే అమ్మాయికి కాదు. ఎత్తుకు తగిన బరువు ఉన్నదా లేదా అని తెలుసుకొనడానికి ఒక లెక్క ఉన్నది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించవలెను. ఒక గృహిణి బరువు 78 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు అనుకొందాము. 78ని 1.55తో భాగిస్తే సుమారు 50.3, దానిని మరల 1.55తో భాగిస్తే సుమారు 32.5. సాధారణంగా ఈ అంకె 30గాని అంతకు మించిగాని ఉన్నవారికి, లేక 27 దాటి మధుమేహం, రక్తపోటు, కొలెస్టరాల్ దోషం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఉన్నవారికి ఈ మందులు ఉద్దేశింపబడినవి. మన భారతీయుల శరీరాలలో తక్కువ బరువుకే పొట్టచుట్టూ కొవ్వు చేరుతుంది. కనుక 23 దాటితే అధిక బరువుగాను, 25 దాటితే స్థూలకాయంగాను మన వైద్యులు లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఇంట్లో దర్జీ టేపు ఉన్నట్లయితే ఈ పరీక్షకు ఖర్చు లేదు. పై గృహిణి 15 శాతం తగ్గితే 66 కిలోలకు వస్తుంది. చూపరులకు ఆమె సన్ననిదిగా కనిపించదు. కాని ఆమె మోకాళ్ళకు, రక్తపోటుకు, చక్కెరకు ఆ పన్నెండు కిలోల తేడా గొప్ప ఊరట. మందు ప్రయోజనాన్ని అద్దంలో గాక ఈ కొలతలలో చూడవలెను.

కొందరికి ఈ మందులు పనికిరావు. తనకుగాని, రక్తసంబంధీకులకుగాని మెడల్లరీ అనే జాతి థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారు వీటి జోలికి పోరాదు. గర్భవతులు వాడరాదు, బిడ్డకు పాలిచ్చే తల్లులు వైద్యుని విధిగా అడగవలెను. బిడ్డను కోరేవారు సెమాగ్లుటైడును కనీసం రెండు నెలల ముందే మానవలెను. టిర్జెపటైడు మొదలుపెట్టినపుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ, నాలుగేసి వారాలపాటు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చును. ఆ రోజులలో వేరే ఏర్పాటు ఉండవలెను. ఇదివరలో క్లోమానికి వాపు వచ్చినవారు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు, మధుమేహంవల్ల కంటిపొర దెబ్బతిన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. ఏ కారణంచేతనైనా శస్త్రచికిత్సకు పోవలసి వచ్చినట్లయితే మత్తు ఇచ్చే వైద్యునికి ఈ మందు వాడుతున్నామని తప్పక తెలుపవలెను. జీర్ణకోశం ఆలస్యంగా ఖాళీ అవుతుంది గనుక, రాత్రినుండి ఏమీ తినకపోయినా లోపల ఆహారం మిగిలి ఉండి, మత్తులో అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

మోతాదు విషయంలో తొందర పనికిరాదు. సెమాగ్లుటైడును వారానికొకసారి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకొక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 మీదుగా 2.4 వరకు పెంచుతారు. పూర్తి మోతాదు చేరడానికి పదహారు వారాలు పడుతుంది. ఈ మెట్లు శరీరానికి అలవాటు కావడానికి ఏర్పడినవి. "నెల తిరిగినా బరువు తగ్గలేదు" అని రెండు మెట్లు ఒకేసారి ఎక్కినవారికి దక్కేది వాంతులే. చిన్న మోతాదులోనే మేలు కనిపిస్తున్నట్లయితే అక్కడనే ఆగడం వైద్యుని నిర్ణయం. ప్రతివారం ఒకే రోజున వేసుకొనవలెను. పొట్ట, తొడ, భుజం వెనుకభాగం ఇందుకు తగిన చోట్లు; వారం వారం చోటు మార్చవలెను. ఒక వారం మరచినట్లయితే తరువాతి వారం రెండింతలు వేసుకొనరాదు. రెండు మూడు వారాలు తప్పినట్లయితే తిరిగి ఏ మెట్టునుండి మొదలుపెట్టవలెనో వైద్యుని అడిగి తెలుసుకొనవలెను. ఒకరి ఇంజక్షను కలాన్ని సూది మార్చి మరొకరు వాడడం మహాదోషం; సూది మారినా కలంలో రక్తం తాలూకు క్రిములు మిగలవచ్చును. వాడిన సూదులను చెత్తకుప్పలో పారవేయక, గట్టి ప్లాస్టిక్ సీసాలో మూతపెట్టి ఆసుపత్రిలో అప్పగించవలెను.

మన ప్రాంతంలో మందును నిలువచేయడం ఒక సమస్య. ఇది 2నుండి 8 డిగ్రీల మధ్య రిఫ్రిజిరేటరులో ఉండవలెను. మంచుగడ్డ కట్టే అరలో పెట్టరాదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరగినా పనికిరాదు. వాడుకలో ఉన్నది 30 డిగ్రీలు దాటని చోట కొద్ది వారాలు బయట ఉండవచ్చునని పెట్టెమీద వ్రాసి ఉంటుంది. కాని రోహిణి కార్తె ఎండలలో దివిసీమలో నడివేసవి వేడి 40 డిగ్రీల దరిదాపులకు పోతుంది. గాలివానల వేళ కరెంటు గంటల తరబడి ఉండదు. విజయవాడనుండి మందు కొని బస్సులో తెచ్చుకొనేవారు మంచుముక్కలున్న చిన్న పెట్టెలో, మందు మంచును తాకకుండా గుడ్డ చుట్టి తెచ్చుకొనవలెను. రంగు మారినా, మసకబారినా, నలుసులు కనిపించినా వాడరాదు.

మందు మొదలుపెట్టిన మొదటి వారాలలో వికారం, త్రేనుపులు, వాంతులు, విరేచనాలు లేదా మలబద్ధకం కలగడం సామాన్యం. వీటిని చాలవరకు భోజనపు తీరుతో సర్దుకొనవచ్చును. కొద్దికొద్దిగా, నెమ్మదిగా తినవలెను. కడుపు నిండినట్లు తోచగానే చేయి కడుగుకొనవలెను. "కంచంలో వదలరాదు" అనే మర్యాద ఈ రోజులలో పాటించనవసరం లేదు. మొదటే తక్కువ వడ్డించుకొంటే సరి. వేపుళ్ళు, నేతిమిఠాయిలు, బందరు హల్వా వంటివి వికారాన్ని పెంచుతవి. నీరు, మజ్జిగ గుక్కెడు గుక్కెడుగా రోజంతా త్రాగవలెను. వాంతులతో నీరు తరిగినపుడు మూత్రపిండాలు దెబ్బతినవచ్చును.

ఆకలి తగ్గినపుడు మనిషి తినేది కొంచెమే. ఆ కొంచెమూ తెల్లని అన్నం, పచ్చడి మెతుకులే అయినట్లయితే ఏమవుతుంది? దీనికి సమాధానం మన తీరపు చరిత్రలోనే ఉన్నది. పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పాలిషు పట్టించి తినే అలవాటువల్ల ఉత్తర సర్కారులలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ప్రబలి ఉండేది. తవుడుతోపాటు థయమిన్ అనే విటమిన్ పోవడమే దానికి మూలం. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. ఆకలి మందులు వాడేవారిలో వాంతులు వారాల తరబడి ఆగక, ఆహారం దాదాపు మానివేసిన సందర్భాలలో, అదే థయమిన్ లోపం మెదడును దెబ్బతీసిన ఉదంతాలు అరుదుగానైనా వైద్యపత్రికలలో వచ్చినవి. తడబడే నడక, రెండుగా కనిపించే చూపు, మతిమాంద్యం దాని గుర్తులు. కాబట్టి వాంతులను "మందు పనిచేస్తున్నది" అని సహించి ఊరుకొనరాదు.

తగ్గే బరువులో కొవ్వుతోపాటు కొంత కండకూడ ఉంటుంది. కండను నిలుపుకొనడానికి మాంసకృత్తులు, శ్రమ రెండూ కావలెను. మనకు ఇవి దూరం కావు. వరి కోతకు ముందే పొలంలో చల్లే మినుము, పెసర మన కళ్ళముందే పండుతున్నవి. చేపలు, గ్రుడ్లు, పెరుగు, కందిపప్పు, ఉలవలు ఉన్నవి. కంచంలో ముందుగా పప్పో, చేపో, గ్రుడ్డో, కూరో తిని, ఆ తరువాతనే అన్నం ముట్టడం మంచి పద్ధతి. మామూలు ఆరోగ్యవంతునికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెనని జాతీయ పోషకాహార సంస్థ చెప్పినది. బరువు తగ్గేవారికి ఎంత పెంచవలెనో, మూత్రపిండాల స్థితిని చూసి వైద్యుడు చెప్పవలెను. రోజూ నడకతోపాటు వారానికి రెండుమూడు మారులు కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేవడం, నీళ్ళ బిందెవంటి బరువులు ఎత్తడం కండకు బలమిస్తవి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఉపవాసం. నాగుల చవితికి, సుబ్రహ్మణ్య షష్ఠికి మోపిదేవి స్వామి సన్నిధికి ఉపవాసంతో వచ్చే భక్తులు ఎందరో. ఏకాదశులు, కార్తిక సోమవారాలు ఉన్నవి. బందరులోని ముస్లిం సోదరులకు రంజాను నెల ఉన్నది. ఆకలిని అణచే ఇంజక్షను మాత్రమే వాడేవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. కాని మధుమేహానికి ఇన్సులిన్‌గాని, గ్లిమెపిరైడు వంటి మాత్రలుగాని కూడ వాడేవారు ఉపవాసముంటే చెమట, వణుకు, కళ్ళు తిరగడం, అయోమయం కలగవచ్చును. అపుడు మూడు నాలుగు చెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను, వ్రతభంగమని వెనుదీయరాదు. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పైగా ఆకలి తెలియకపోవడంతో నిర్జలోపవాసం సులభంగా తోస్తుంది. దాహంకూడ సరిగా తెలియకపోవచ్చును. అందుచేత ఉపవాసానికి ముందే వైద్యుని సంప్రదించి మోతాదులు సవరించుకొనవలెను. స్వామికి కావలసినది భక్తి; భక్తుని మూర్ఛ కాదు.

కొన్ని లక్షణాలు కనిపించినపుడు మరునాటివరకు ఆగరాదు. పొట్ట పైభాగంలో మొదలై వెన్నులోకి దూసుకుపోయే తీవ్రమైన నొప్పి క్లోమపు వాపుకు గుర్తు. కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి, జ్వరం, కళ్ళు పచ్చబడడం పిత్తాశయపు రాళ్ళకు గుర్తు; త్వరగా బరువు తగ్గేవారిలో ఈ రాళ్ళు ఎక్కువ. హఠాత్తుగా ఒక కంటిచూపు పోవడం చాల అరుదు. సెమాగ్లుటైడు వాడేవారిలో పదివేలమందిలో ఒకరివరకు ఇది సంభవించవచ్చునని ఐరోపా ఔషధ సంస్థ 2025లో తెలిపినది. మెడలో గడ్డ, గొంతు మారడం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, మనసు తీవ్రంగా క్రుంగిపోవడం కూడ అటువంటివే. ఇటువంటి వేళ రాత్రి అయినదని, పడవలూ బస్సులూ లేవని తెల్లవారేవరకు కాచుకొనక, అవనిగడ్డకో, మచిలీపట్నానికో చేరవలెను. మందు పెట్టె వెంట తీసుకొనిపోవలెను.

నకిలీల బెడద మరొకటి. సెమాగ్లుటైడు పేరుతో నకిలీ మందులు తిరుగుతున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించినది. సెమాగ్లుటైడు మీది ప్రధాన పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చివరకే. గడువు తీరిన మందులు అనేక పేర్లతో, తక్కువ ధరలకు వస్తవి. ధర తగ్గడం బీదసాదలకు మేలే. కాని అంగడి పెరిగినపుడు కల్తీ కూడ పెరుగుతుంది. లైసెన్సు ఉన్న దుకాణంలో, చీటీ చూపి, బిల్లు తీసుకొని మాత్రమే కొనవలెను. "మూలికల చూర్ణం, దుష్ఫలితాలు లేవు, నెలకు పది కిలోలు గ్యారంటీ" అనే ప్రకటనలను నమ్మరాదు. అటువంటి చూర్ణాలలో, నిషేధింపబడిన సిబుట్రమిన్‌నే రహస్యంగా కలిపి అమ్మినట్లు పలుదేశాల పరీక్షలలో పలుమార్లు తేలినది. మూలిక పేరుతో గుండెకు ఎసరు పెట్టుకొనడం కంటె విచారకరం లేదు.

చివరకు ప్రతివారూ అడిగే ప్రశ్న: ఎంతకాలం వాడవలెను? ఇక్కడ వైద్యులు దాపరికం లేకుండా చెప్పవలెను, మనమూ ధైర్యంగా వినవలెను. సెమాగ్లుటైడును మానిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరీక్షలు తెలిపినవి. రక్తపోటు మాత్ర మానితే రక్తపోటు తిరిగి పెరగడం వంటిదే ఇది. కనుక రెండు నెలలకు సరిపోయే డబ్బు చేతికి వచ్చినదని మొదలుపెట్టి, అప్పుచేసి సాగదీసి, మధ్యలో మానడం కంటె, మొదలుపెట్టకముందే ఇంటి ఆదాయమెంత, ఎంతకాలం వాడవలసి రావచ్చును, మానదలచినపుడు ఎట్లు మానవలెను అని వైద్యునితో తేల్చుకొనడం మేలు. మందు ఇచ్చే కొద్ది సంవత్సరాల ఊరటను నడకకు, వంటకు, నిద్రకు మంచి అలవాట్లు నాటుకొనడానికి ఉపయోగించినవారికి మిగిలేది ఎక్కువ.

ఇంటివారికి ఒక మనవి. మందు వాడే మనిషిని "ఇంకొక ముద్ద, మా మాటకోసం" అని బలవంతపెట్టవద్దు. "సూది పొడిపించుకొని సన్నబడుతున్నది" అని వేళాకోళం చేయవద్దు. ఆ మాటలకు జడిసి చాటుగా మందు వేసుకొనేవారే ప్రమాదపు గుర్తులనుకూడ చాటుగా దాచిపెడతారు. ఇంట్లో ఒకరైనా ఆ మందు పేరు, మోతాదు, వేసుకొనే రోజు తెలిసి ఉండవలెను. ఆకలి శరీరం మనతో మాట్లాడే భాష. ఆ భాష గట్టిగా కేకలువేస్తున్నపుడు కొంత శాంతింపజేయడానికి నేడు మందు దొరికినది. అయితే దాని నోరు పూర్తిగా నొక్కివేయడం మన ఉద్దేశం కారాదు.